పొట్టి క్రాంకులు తెచ్చిన పది వాట్లు

ప్రశ్న: నా టైమ్ ట్రయల్ సైకిల్‌కు 172.5 మిల్లీమీటర్ల క్రాంకులు (పెడళ్లను ఇరుసుకు కలిపే కడ్డీలు) తీసివేసి 165 మిల్లీమీటర్లవి బిగించాను. తొక్కే శక్తిని వాట్లలో కొలిచే పెడల్ పవర్ మీటర్ పాతదే. ఇదివరకు 220 వాట్లు చూపిన వేగానికే ఇప్పుడు 230 చూపుతోంది. పొట్టి క్రాంకులతో నిజంగానే బలం పెరిగిందా? అయితే 160కి వెళ్లవచ్చా?

సమాధానం: పెరగలేదు. బలం పెరిగితే వేగమూ పెరగాలి కదా! పెడల్‌లోని సెన్సర్ మీ కాలు వేసే ఒత్తిడిని, పెడల్ తిరిగే వేగాన్ని కొలుస్తుంది. ఆ రెండింటినీ క్రాంకు పొడవుతో గుణిస్తేనే వాట్లు తేలుతాయి. ఆ పొడవు మీ సెట్టింగ్‌లో ఇంకా 172.5గానే ఉండిపోయింది. 172.5ను 165తో భాగిస్తే 1.045 వస్తుంది, అంటే తెరపై ప్రతి అంకె నాలుగున్నర శాతం ఉబ్బి కనిపిస్తుంది; 220కి అంత కలిపితే వచ్చేది మీ 230యే. క్రాంకులు మార్చినవారి నుంచి ఇదే సందేహం పదే పదే వస్తోంది. కొందరు ఈ ఉబ్బిన అంకెలను నమ్మి శిక్షణ జోన్లు (ఎంత తీవ్రతతో తొక్కాలో చెప్పే వాట్ల పరిధులు) కూడా పైకి జరుపుకున్నారు. చైన్‌రింగులను పట్టి ఉంచే స్పైడర్‌లో సెన్సర్ ఉన్న మీటర్లు టార్క్‌ను, అంటే తిప్పే బలాన్ని, నేరుగా కొలుస్తాయి కనుక వాటికి ఈ బెడద లేదు.

అంకెను పెడల్ మీటర్ యాప్‌లో సరిచేసినంత మాత్రాన పని పూర్తి కాదు. అదే పొడవు హ్యాండిల్‌పై అంకెలు చూపే హెడ్ యూనిట్‌లోనూ విడిగా ఉంటుంది, కొన్ని హెడ్ యూనిట్లు పెడల్‌తో కలిసిన ప్రతిసారీ తమ దగ్గరున్న పాత విలువను దానిపై రుద్దుతాయి. సెన్సర్ల జాబితాలో మీ మీటర్‌ను తెరిచి అక్కడ కూడా 165 పెట్టండి, ఒకసారి ఆపి, మళ్లీ వెలిగించి, అది నిలిచిందో లేదో చూడండి. పెడళ్లను విప్పి బిగించారు కనుక నాలుగైదు సార్లు గట్టిగా తొక్కి, ఆ తరువాత పెడళ్లపై బరువు లేకుండా జీరో ఆఫ్‌సెట్ (సెన్సర్‌ను సున్నాకు సరిచేసే కాలిబ్రేషన్) చేయండి. ఫర్మ్‌వేర్ అప్‌డేట్ తరువాత కూడా ఈ అంకెను ఓసారి తనిఖీ చేయడం మంచిది. లెక్క మొత్తానికీ ఆధారమైన విలువ మారినప్పుడు తెరపై ఒక్క హెచ్చరికైనా చూపని పరికరాన్ని, వేల వాట్ల కొలత పరిధి గురించి ఎంత గొప్పగా చెప్పినా, జాగ్రత్తగా రూపొందించిన పరికరమని నేను అనలేను. ఒక్క అంకె మార్చడానికి ఖాతా తెరవమని, లొకేషన్ అనుమతి ఇవ్వమని అడిగే యాప్‌ల సంగతి సరేసరి.

ఇంతకంటే నన్ను కలవరపెట్టేది, ఆ అంకెను మీరు తప్ప మరెవరూ మార్చలేరన్న హామీ చాలా సెన్సర్లలో లేకపోవడం. ఆంట్ ప్లస్ అనే వైర్‌లెస్ పద్ధతిలో ప్రసారమయ్యే పవర్ సమాచారాన్ని సాధారణంగా దగ్గరలోని ఏ హెడ్ యూనిట్ అయినా అందుకోగలదు. రేసు ఆరంభ రేఖ దగ్గర పక్కవాడు మీ మీటర్‌ను తనదనుకొని జత చేసుకొని కాలిబ్రేషన్ మీట నొక్కితే, ఆ క్షణాన మీ కాలు పెడల్ మీద ఉంటే, రేసంతా మీకు కనిపించేది తప్పుడు అంకెలే. ఇది పొరపాటున జరిగేది. కావాలని చేసేవాడికి పిన్ అడగని బ్లూటూత్ మరింత సౌకర్యం. 2024లో పరిశోధకులు ఒక వైర్‌లెస్ గేర్ వ్యవస్థ సంకేతాలను రికార్డు చేసి, వాటినే తిరిగి ప్రసారం చేసి, పది మీటర్ల దూరం నుంచి గేర్లు మార్చి చూపించారు. ఐరోపా సమాఖ్యలో ఇంటర్నెట్‌తో కలిసే రేడియో పరికరాలకు సైబర్ భద్రతా నియమాలు 2025 ఆగస్టు 1 నుంచి తప్పనిసరి అయ్యాయి కానీ, అంతకుముందే అమ్ముడైన పెడళ్లకు వాటి వల్ల ఒరిగేదేమీ లేదు. కనుక సెన్సర్ గుర్తింపు సంఖ్యను చూసి మాత్రమే జత చేయండి, గుంపులో ఉన్నప్పుడు జాబితాలో మొదట కనిపించినదాన్ని నొక్కకండి, కాలిబ్రేషన్‌ను జనానికి దూరంగా ముగించుకోండి.

ఇక క్రాంకుల సంగతి. 2001లో మార్టిన్, స్పిర్డూసో 120 నుంచి 220 మిల్లీమీటర్ల వరకు అయిదు పొడవులతో సైక్లిస్టులను పరీక్షించినప్పుడు, 145, 170ల దగ్గర గరిష్ఠ శక్తి ఎక్కువగా వచ్చినా, అంత విస్తృతమైన పరిధిలోనూ మొత్తం తేడా నాలుగు శాతం చుట్టూనే ఉంది. అంటే పొట్టి క్రాంకు వాట్లను చెప్పుకోదగ్గంతగా పెంచదు, తగ్గించదు. అది భంగిమ కోసం. మోచేతులు ఆనించే ఏరోబార్లపై వంగినప్పుడు పెడల్ పైకి వచ్చిన ప్రతిసారీ తొడ పొట్టకు ఒత్తుకొని తుంటి కోణం ఇరుకవుతుంది. క్రాంకు 7.5 మిల్లీమీటర్లు తగ్గితే, కాలు కింద పూర్తిగా చాచుకోవడానికి సీటును అంతే పైకి జరుపుతారు కనుక, పెడల్ పై బిందువు దగ్గర మీ పాదం తుంటికి 15 మిల్లీమీటర్లు దూరమవుతుంది. ఆ వెసులుబాటే మీరు కొన్నది. సీటు ఎత్తాక మోచేతి ప్యాడ్లు దానికంటే మరింత కిందికి పోతాయి. మొదట వాటినీ 7.5 మిల్లీమీటర్లు ఎత్తి, అలవాటయ్యాక కొద్దికొద్దిగా దించండి. అదే గేరు కాలికి కొంచెం బరువుగా అనిపిస్తుంది, కనుక వెనుక ఒక పెద్ద పళ్లచక్రానికి మారి, నిమిషానికి 90 సార్లు తిప్పేవారు 94 దాకా తిప్పితే పాదం వేగం మునుపటిలాగే ఉంటుంది.

160 విషయానికొస్తే, సరిచేసిన మీటర్‌తో, సరిచేసిన సీటు ఎత్తుతో కొన్ని వారాలు తొక్కిన తరువాత కూడా పెడల్ పైకి వచ్చినప్పుడు మోకాలు పక్కకు తెరుచుకుంటుంటే, లేదా తుంటి ముందుభాగం పట్టేస్తుంటే వెళ్లండి. ఆ ఇబ్బందులు లేకపోతే 165 మీకు చాలు. ఒకవేళ వెళితే, రెండు వైపుల క్రాంకులూ మార్చి, పెడల్‌లోనూ హెడ్ యూనిట్‌లోనూ 160 అని రాసిన తరువాతే మొదటి రైడ్‌కు బయలుదేరండి.