మచ్చలు గీసే పిల్లాడికి ఏ చదువు?

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ రెండో ఏడాది, ఎంపీసీ. నోట్సు నిండా ఎడారి సైనికుల యూనిఫాం మీద ఉండే మచ్చలు గీస్తుంటాడు. అలాంటివి తయారుచేయడానికి డిజైన్ కోర్సులో చేరతానంటున్నాడు. బంధువులేమో ‘టైలర్ పనా?’ అంటున్నారు. ఒకటే టెన్షన్. డిజైనా, టెక్స్‌టైల్ ఇంజినీరింగా? – ఓ తండ్రి, కరీంనగర్

జవాబు: పోలిక తర్వాత చెబుతాను. మీ ఉత్తరంలో అబ్బాయి మార్కుల గురించి ఒక్క ముక్కా లేదు, ఉన్నదంతా బంధువుల గోలే. టెన్షన్ ఎక్కడిదో నాకు అర్థమైంది.

వాడు గీసేది టైలర్ పని కాదండీ, సైనికుణ్ని చుట్టుపక్కల నేలలో కలిపేసి శత్రువు కంటపడకుండా దాచే నమూనా. అమెరికా సైన్యం 1960ల్లో ఎడారి కోసం ఆరు రంగుల నమూనా తయారుచేసింది. గులకరాళ్లలా నలుపు, తెలుపు చుక్కలుండేవి. సైనికులు దానికి ‘చాక్లెట్ చిప్’ అని పేరు పెట్టారు. అమెరికాలోని రాళ్ల ఎడారికి అది బాగానే నప్పింది. 1991 గల్ఫ్ యుద్ధం నాటికి కాళ్ల కింద ఉన్నది ఇసుక, ఆ చుక్కలకు పనేముంది? తర్వాత మూడు రంగుల నమూనా వచ్చింది. అంతటితో బుద్ధి వచ్చిందా? 2004లో అడవికీ, ఎడారికీ, ఊళ్లకీ కలిపి చిన్న చిన్న చదరాలతో ఒకే బూడిదరంగు పిక్సెల్ నమూనా ఎంచుకున్నారు. అది అఫ్గానిస్థాన్‌లో పనిచేయక, 2010లో అక్కడి దళాలకు మల్టీకామ్ అనే మరో నమూనా ఇచ్చారు.

అందుకే ‘ఫ్యాషన్ డిజైన్ చదివితే చాలు’ అంటే నేను నమ్మను. పిక్సెల్ పద్ధతికి 1970ల్లో బాట వేసిన తిమోతీ ఓనీల్ సైకాలజీ చదివిన సైనికాధికారి. కన్ను దేన్ని ముందు పట్టుకుంటుందన్నదే అసలు లెక్క. నమూనాల ఫొటోలు చూపించి, మనిషిని ఎంత దూరంలో, ఎంతసేపట్లో కనిపెడుతున్నారో కొలుస్తారు. చీకట్లో చూసే నైట్ విజన్ పరికరాల్లో బట్ట మెరవకూడదు, అదంతా అద్దకం రంగుల కెమిస్ట్రీ. ఇంకో సంగతి, ఏ సైన్యమూ ఏటేటా యూనిఫాం మార్చదు. మన ఆర్మీ 2022లో కొత్తది తెచ్చినప్పుడు నిఫ్ట్ (జాతీయ ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థ) సాయం తీసుకుంది నిజమే. ఆ ఒక్క పనినే నమ్ముకుని కోర్సు ఎంచుకోవద్దు.

పోలికా? కెమిస్ట్రీ ఇష్టమైతే టెక్స్‌టైల్, గీయకుండా ఉండలేకపోతే డిజైన్. రెండింటిలోనూ బట్టల పరిశ్రమ ఉంది, తిండికి లోటుండదు. కంగారు పడకండి.

ఈ ఆదివారం ఆ మచ్చలు ఓ పాత దుప్పటి మీద వేయించండి. అది కప్పుకుని ఊరి బయట గుట్ట దగ్గర కూర్చోమనండి. మీరూ వెళ్లండి, వెతకడానికి ఒకరు కావాలి కదా.