ఏడు కూతలు వినపడనివాళ్లతో ఓడ ప్రయాణం

ప్రశ్న: మా అమ్మకీ నాన్నగారికీ ఇద్దరికీ వినపడదు. నాన్నగారు రిటైరయ్యాక ఆయన పాత స్నేహితులంతా కలిసి ముంబై నుంచి లక్షద్వీప్ వెళ్లొచ్చే క్రూయిజ్‌కి ప్లాన్ వేశారు. జనవరిలో ప్రయాణం. మొత్తం 21 మందిమి. అందులో 14 మంది బధిరులు, మిగతా మేం పిల్లలం, ఇద్దరు మనవలు. మాటల్ని సైగల్లోకి, సైగల్ని మాటల్లోకి మార్చి చెప్పే ఇంటర్‌ప్రెటర్లను ఇద్దరిని తీసుకెళ్దామని కొందరు అంటుంటే, "మీరంతా వస్తున్నారుగా, మళ్లీ ఆ ఖర్చు దేనికి?" అని ఇంకొందరు అంటున్నారు. ఏర్పాట్లన్నీ నా మీద పడ్డాయి. మాలో ఎవరూ ఇంతవరకు ఓడ ఎక్కలేదు. చాలా టెన్షన్‌గా ఉంది మేడమ్. ఏమేం చూసుకోవాలో చెప్పండి.
– ఒక పాఠకురాలు, దిల్‌సుఖ్‌నగర్, హైదరాబాద్

జవాబు: అమ్మా, ముందు ఆ ఖర్చు సంగతి తేల్చేద్దాం. మా అమ్మానాన్నలూ బధిరులే, ఇద్దరూ మలక్‌పేట బధిరుల స్కూల్లో చదువుకున్నారు. నాకు పదేళ్లప్పుడు రాజమండ్రి నుంచి పాపికొండలు చూడటానికి లాంచీలో వెళ్లాం. నది మధ్యలో ఇంజన్ ఆగిపోయింది. జనం లేచి ఒకవైపు జరుగుతుంటే, అందరూ ఒకే పక్కకి రావద్దని, ఎక్కడివాళ్లు అక్కడే కూర్చోమని సరంగు అరుస్తున్నాడు. నాన్న నా భుజం పట్టుకుని "ఏమంటున్నాడు?" అని చేత్తో అడిగారు. నేను అప్పటికే వణికిపోతున్నాను. "ఏం లేదు" అని సైగ చేశాను. అరగంటకి లాంచీ కదిలింది, ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఆ అరగంటా లాంచీలో అందరికీ తెలిసిన విషయం మా అమ్మానాన్నలకి మాత్రం తెలియలేదు. తెలియనివ్వనిది నేనే. ఇంటర్‌ప్రెటర్‌గా 26 ఏళ్లు పనిచేశాను, ఇప్పటికీ ఆ అబద్ధం గుర్తొస్తే బాధగానే ఉంటుంది.

అందుకే చెబుతున్నాను, మీరూ మీ అన్నదమ్ములూ ప్రయాణికులుగానే రండి. ఇంటర్‌ప్రెటర్లు పని మీద రావాలి. భయం వేసినప్పుడు, విసుగొచ్చినప్పుడు, పిల్లాడు ఏడుస్తున్నప్పుడు మనం మాటలు మింగేస్తాం. "తర్వాత చెప్తాలే" అంటాం. ఆ మాట మీ అమ్మగారు పుట్టినప్పటి నుంచి కొన్ని వేలసార్లు చూసి ఉంటారు.

ఇక ఎంతమంది అన్నది. పద్నాలుగు మందికి ఇద్దరు చాలరు, ముగ్గురిని పిలవండి. ఈ పనిలో ఇద్దరు కలిసి కూర్చుని ఇరవై, ముప్ఫై నిమిషాలకోసారి వంతులు మార్చుకుంటారు. ఒక్కరే గంటసేపు చేస్తే చేతులకన్నా ముందు బుర్ర అలసిపోతుంది, మాటలు జారిపోతాయి. లక్షద్వీప్‌లోని అగత్తి దీవిలో కొందరు నీళ్లలో దిగుతామంటారు, కొందరు ఊరు చూస్తామంటారు. మూడో మనిషి లేకపోతే ఎవరో ఒకరు మనసు చంపుకోవాల్సి వస్తుంది. ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) గుర్తింపు ఉన్న ఇంటర్‌ప్రెటర్ల కోసం సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో ఉన్న, వినికిడి లోపం ఉన్నవాళ్ల కోసం పనిచేసే అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రంలో వాకబు చేయండి. ఎంపిక మాత్రం మీరు చేయకండి. మీ నాన్నగారి బృందం వాళ్లను కలిసి, ఓ పూట మాట్లాడి, వీళ్ల చేతులు మాకు అర్థమవుతున్నాయి అన్నాకే ఖాయం చేయండి. రోజుకు ఎంత, ప్రయాణపు రోజులకు ఎంత, కేబిన్, భోజనం, ఇన్సూరెన్స్ ఎవరిది, ఇవన్నీ కాగితం మీద రాసుకోండి. వాళ్లకు విడిగా కేబిన్ ఇవ్వండి. రోజుకు ఆరేడు గంటలకు మించి పని చెప్పకండి. రాత్రి పదకొండు గంటలకు పేకాట దగ్గర ఎవరో జోక్ వేశారని వాళ్లను లేపకూడదు.

ఇప్పుడు ఓడ విషయం. అందులో నాకు అన్నిటికన్నా ముఖ్యమైంది మస్టర్ డ్రిల్. ప్రమాదం వస్తే ఎవరు ఎక్కడికి చేరాలి, లైఫ్ జాకెట్ ఎలా కట్టుకోవాలి అని చూపించే కార్యక్రమం అది. 2012లో ఇటలీ దగ్గర కోస్టా కాంకార్డియా ఓడ ఒరిగిపోయిన తర్వాత నిబంధన మార్చారు. ఓడ బయల్దేరే ముందే, లేదా బయల్దేరిన వెంటనే ఈ డ్రిల్ జరగాలి. ప్రమాద సంకేతం ఏడు చిన్న కూతలు, ఒక పెద్ద కూత. మీ 14 మందిలో ఒక్కరికీ ఆ కూత అందదు. కాబట్టి టికెట్లు బుక్ చేసేటప్పుడే క్రూయిజ్ కంపెనీకి ఒక ఉత్తరం రాయండి, ఫోన్లో చెప్పి వదిలేయొద్దు. తలుపు కొడితే వెలిగే లైటు, వెలుగుతో హెచ్చరించే పొగ అలారం, దిండు కింద పెట్టుకునే వైబ్రేటర్ ఉన్నాయా అని అందులో అడగండి. ఎన్ని కేబిన్లకు ఇవ్వగలరో కూడా రాయమనండి. బధిరులున్న కేబిన్ల నంబర్లు రిసెప్షన్‌లోనూ, భద్రత చూసే అధికారి దగ్గరా జాబితాగా ఉండాలి. కూత మోగితే సిబ్బంది మాస్టర్ తాళంతో ఆ తలుపులు తెరిచి, లైటు ఆర్పి వెలిగించి లేపాలి, తలుపు కొట్టి వెళ్లిపోకూడదు. ఈ వాక్యం ఉత్తరంలో ఉన్నదున్నట్టు పెట్టండి. జవాబు కూడా రాతలోనే తెప్పించుకోండి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం పేరు కూడా అందులో ప్రస్తావించండి, దానితో ఉత్తరానికి బరువు పెరుగుతుంది.

కంపెనీ ఇస్తామన్నా సరే, మీ వైపు నుంచీ ఒక ఏర్పాటు ఉండాలి. వైబ్రేట్ అయ్యే స్మార్ట్ వాచీ మంచిది, దాని అలారానికి నెట్‌వర్క్ అక్కర్లేదు. కేబిన్లన్నీ ఒకే డెక్ మీద, మెట్లకు దగ్గరగా, ఇంటర్‌ప్రెటర్ల కేబిన్‌కి అటూ ఇటూ వచ్చేలా అడగండి.

టార్చి. ఇది ఎవరూ రాసుకోరు గానీ నా జాబితాలో పైనుంటుంది. మనకు కరెంటు పోతే చీకట్లోనూ మాట్లాడుకుంటాం. వాళ్లకు లైటు పోతే మాటే పోతుంది. మెడలో వేలాడేసుకునే చిన్న టార్చి ప్రతి ఒక్కరికీ కొనండి, మనవలతో సహా. రాత్రిపూట డెక్ మీద వెలుతురు తక్కువ, గాలికి చున్నీలు మొహం మీదికి ఎగురుతాయి. ఇంటర్‌ప్రెటర్లను చేతి రంగుకు భిన్నంగా కనిపించే ఒకే రంగు దుస్తులు వేసుకోమనండి, చేతినిండా గాజులు వద్దు.

ఫోన్ల గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఊళ్లో ఉన్నప్పుడు వీడియో కాలే మనవాళ్ల ఫోను. తీరం దాటాక సిగ్నల్ పోతుంది. ఓడలో వైఫై ఉంటుంది గానీ ప్యాకేజీ ఖరీదెక్కువ. ఫోన్లన్నీ ఫ్లైట్ మోడ్‌లో పెట్టించండి, లేకపోతే ఓడ మీది శాటిలైట్ నెట్‌వర్క్ పట్టుకుని బిల్లు వాచిపోతుంది. "ఎక్కడున్నావ్?" అని మెసేజ్ పెట్టే వీలుండదు కాబట్టి ఒక స్థలం, ఒక సమయం ముందే అనుకోండి. మేం ఇలా ఓడలో వెళ్లినప్పుడు రోజూ రాత్రి భోజనం అయ్యాక, ఓడ మధ్యలో మెట్ల దగ్గరున్న సోఫాల్లో ఇరవై నిమిషాలు కూర్చునేవాళ్లం. మర్నాటి కార్యక్రమం కాగితం చదివి ఇంటర్‌ప్రెటర్లు సైన్ లాంగ్వేజ్‌లో చెప్పేవాళ్లు. కాగితం అందరికీ ఇచ్చారుగా, చదువుకుంటారు అనుకోకండి. సైన్ లాంగ్వేజ్ మొదటి భాషగా పెరిగిన చాలామందికి తెలుగైనా ఇంగ్లీషైనా పరాయి భాషే. మా నాన్న పేపర్లో హెడ్డింగులు చదివేవారు, లోపలి విషయం నన్ను అడిగేవారు. ఆయన తెలివికి దానితో సంబంధం లేదు.

భోజనానికి గుండ్రటి బల్లలే అడగండి. పొడుగు బల్ల దగ్గర చివరన కూర్చున్నవాళ్లకు ఎవరి చేతులూ కనపడవు. కిటికీకి వీపు పెట్టి కూర్చుంటే వెనక సముద్రం వెలుతురుకి మొహం నల్లగా అయిపోతుంది. ఇంకోటి, మనం చేత్తో తినేవాళ్లం. కుడి చేతికి పప్పన్నం అంటుకుని ఉండగా ఎడమ చేత్తో సగం మాటలే వస్తాయి, మన అక్షరాలకు రెండు చేతులూ కావాలి. కాబట్టి పెద్ద కబుర్లు చేతులు కడుక్కున్నాకే మొదలవుతాయి, బల్ల ఖాళీ చేయమని తొందర పెట్టొద్దని వడ్డించేవాళ్లకు చెప్పి ఉంచండి. ఇంటర్‌ప్రెటర్లు ముందే తినేయాలి. నాటకాలు, పాటలు ఉండే హాల్లో ముందు వరుస, ఇంటర్‌ప్రెటర్ నిలబడే వైపే సీట్లు, ఆయన మీద ఒక చిన్న లైటు ఉండాలి. పాటల జాబితా వారం ముందు ఇవ్వమని ఉత్తరంలోనే అడగండి.

వినికిడి మెషిన్ పెట్టుకునేవాళ్లుంటే సముద్రపు తేమ దానికి పడదు. సిలికా జెల్ వేసిన మూత డబ్బా ఒకటి, బ్యాటరీలు రోజుల లెక్కకు రెండింతలు చేతి సంచిలో ఉంచుకోవాలి. ఓడలో అవి దొరుకుతాయని నమ్ముకోవద్దు. స్టిక్కర్ తీసిన క్షణం నుంచే ఆ బ్యాటరీ ఖర్చవడం మొదలవుతుంది, ముందే పీకి పెట్టుకోవద్దని పెద్దవాళ్లకు చెప్పండి.

అగత్తి చుట్టూ పగడపు దిబ్బలున్నాయి. పెద్ద ఓడ దూరంగా ఆగి, చిన్న పడవల్లో దింపుతారు. అక్కడ "చెయ్యి ఇవ్వండి, ఇప్పుడు అడుగెయ్యండి" అనే కేక క్షణాల మీద ఉంటుంది. ఒక ఇంటర్‌ప్రెటర్ మొదటి పడవలోనే దిగి ఒడ్డున నిలబడాలి, ఒకరు ఓడ మీద ఉండాలి. పడవవాళ్లకు భుజం తట్టి వేలితో చూపించమని నేర్పండి, ఒక్క నిమిషం పని.

వీటన్నిటికీ ఒక రిహార్సల్ పెట్టుకోండి. ఓ ఆదివారం అందరూ లుంబినీ పార్కుకి రండి, ఇంటర్‌ప్రెటర్లతో సహా. హుస్సేన్‌సాగర్‌లో బుద్ధుడి దగ్గరికి వెళ్లే లాంచీ ఎక్కండి. ఊగే చోట, గాలిలో, ఎండ కళ్లలో పడుతుంటే ఎవరు ఎక్కడ నిలబడితే చేతులు కనపడతాయో అక్కడ తెలిసిపోతుంది. ఆ రోజే ఇంటర్‌ప్రెటర్లు అందరి సైగ పేర్లూ నేర్చుకోవాలి. మా నాన్న పేరు మీసం కొస మెలేయడం. ఆ పేరు తెలియని ఇంటర్‌ప్రెటర్ ఆయన్ని ఇంగ్లీషు అక్షరాలతో పిలిస్తే నాన్న మొహం ముడుచుకునేవారు. లైఫ్ జాకెట్, మస్టర్ స్టేషన్ (ప్రమాదం వస్తే చేరాల్సిన చోటు), డెక్ నంబర్లకు ఏ సైగ వాడాలో కూడా అక్కడే అనుకోండి. స్కూలు స్కూలుకీ, తరం తరానికీ సైగలు మారతాయి. ఇండియన్ సైన్ లాంగ్వేజ్ పరిశోధన కేంద్రం 2021లో నిఘంటువును 10,000 పదాలకు పెంచింది, దాని వీడియోలు చూసుకోవచ్చు.

రైల్లో వెళ్తే ఓడ ఎక్కే ముందు రోజే ముంబై చేరండి. అందరి మెడలో "డెఫ్" అని బిళ్ల వేద్దామని ఎవరైనా అంటే మీ నాన్నగారినే అడగండి. నాకైతే అది ఇష్టం ఉండదు.

ప్రశ్న: నేను బధిరుణ్ని. స్నేహితులతో సింగపూర్ వెళ్లి అక్కడి నుంచి క్రూయిజ్ ఎక్కాలని ఉంది. పెద్ద ఓడల్లో సైన్ లాంగ్వేజ్ ఇంటర్‌ప్రెటర్‌ని ఉచితంగా ఇస్తారని ఒక వీడియోలో చూశాను. నిజమేనా?
– ఒక పాఠకుడు, ఉప్పల్

జవాబు: నిజమే, కానీ ఆ వీడియో అమెరికాది అయి ఉంటుంది. విదేశీ జెండాతో తిరిగే ఓడలైనా అమెరికా జలాల్లో ఉన్నప్పుడు అక్కడి దివ్యాంగుల చట్టం వర్తిస్తుందని 2005లో వాళ్ల సుప్రీంకోర్టు చెప్పింది. అక్కడి నుంచి బయల్దేరే ఓడల్లో ముందుగా అడిగితే ఇంటర్‌ప్రెటర్‌ని ఇస్తారు. ఆ ఇంటర్‌ప్రెటర్ వాడేది అమెరికన్ సైన్ లాంగ్వేజ్. వాళ్లు ఒంటిచేత్తో అక్షరాలు చెబుతారు, మనం రెండు చేతులతో చెబుతాం. సింగపూర్‌లో సైగలు మళ్లీ వేరు. అదే కంపెనీ ఓడ అయినా సింగపూర్ నుంచి వెళ్లేదానికి అదే సదుపాయం ఉంటుందని అనుకోవద్దు. మీ ఇంటర్‌ప్రెటర్‌ని ఇక్కడి నుంచే తీసుకెళ్లండి. ఇంకో జాగ్రత్త, మీ ఓడ వేరే దేశానికి వెళ్లి మళ్లీ సింగపూర్‌కే వస్తుంది. వీసా ఒకటికన్నా ఎక్కువసార్లు ప్రవేశానికి ఉందో లేదో టికెట్ కొనే ముందే చూసుకోండి. క్రూయిజ్ కంపెనీకి ఉత్తరం రాయమని పై అమ్మాయికి చెప్పిన సంగతి మీకూ వర్తిస్తుంది. మీరే మీ పేరుతో రాయండి, ఎవరి చేతా రాయించకండి.

ప్రశ్న: వినపడనివాళ్లకు ఓడలో వాంతులు రావని మా బంధువొకరు అంటున్నారు. మా చెల్లెలికి మాత్రలు పెట్టక్కర్లేదా?
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: ఆ మాటకి ఒక ఆధారం ఉంది. 1950ల చివర్లో అమెరికాలో నాసా, నౌకాదళం కలిసి బధిరుల కోసం ఉన్న గాలాడెట్ కాలేజీకి చెందిన పదకొండు మంది మీద పరిశోధన మొదలుపెట్టాయి. వాళ్లలో పదిమందికి చిన్నప్పుడు మెదడువాపు లాంటి మెనింజైటిస్ జ్వరం వచ్చి, లోపలి చెవిలో ఒంటి తూకం చూసే భాగం దెబ్బతింది. కెనడా దగ్గర పోటెత్తిన సముద్రంలో వాళ్లను పడవలో తీసుకెళితే పరిశోధకులకు కడుపులో తిప్పింది, వాళ్లు మాత్రం పేకాడుకుంటూ కూర్చున్నారు. కానీ అందరి చెవుడూ అలా వచ్చింది కాదు. మీ చెల్లెలికి బస్సులో ఘాట్ రోడ్డు మీద తిప్పుతుందా? తిప్పితే ఓడలోనూ తిప్పుతుంది, డాక్టర్‌ని అడిగి మాత్రలు దగ్గర పెట్టుకోండి. అసలు తిప్పకపోతే, చీకట్లో నడిచేటప్పుడు తూలుతుందా అని కూడా గమనించండి. అలాంటివాళ్లు కంటి చూపు ఆసరాతోనే నిలబడతారు. రాత్రి ఊగే డెక్ మీద ఆమె పక్కన ఒకరు నడవాలి, బాత్రూం లైటు తెల్లవార్లూ వెలుగుతూ ఉండాలి.