పైలట్‌కు ఏకసంథాగ్రహణం ఉండాలా?

ప్రశ్న: ఓర్వకల్లు విమానాశ్రయం చూసొచ్చినప్పటి నుంచి మా అబ్బాయి పైలట్‌నవుతానంటున్నాడు, అంగడికి పంపితే మూడు వస్తువుల్లో ఒకటి మరిచి వస్తాడు. వాడికి ఆ ఉద్యోగం తగునా?
– ఒక తండ్రి, కర్నూలు

జవాబు: అత్యవసర వేళ చేయవలసిన కొన్ని పనులు పైలట్‌కు కంఠస్థమై ఉండాలి; మిగిలినవాటికి చెక్‌లిస్టు ఉంటుంది. 1935లో అమెరికాలో బోయింగ్ మోడల్ 299 విమానం, నియంత్రణ ఫలకాల (విమానాన్ని పైకీ కిందికీ, పక్కలకూ తిప్పే పలకల) తాళం తీయడం మరిచి ఎగిరి కూలిపోయిన తర్వాతే ఆ పద్ధతి స్థిరపడింది. జ్ఞాపకం కన్నా దృష్టి చెదరడమే నాకు పెద్ద ప్రమాదంగా తోస్తుంది. 1972లో ఫ్లోరిడాలో ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్ 401 విమాన సిబ్బంది ఒక చిన్న సూచిక బల్బుతో తంటాలు పడుతూ, విమానం మెల్లగా దిగిపోతున్న సంగతి గమనించలేదు. అవధాని కూడా పృచ్ఛకులకు వంతులవారీగానే జవాబిస్తాడు కదా! మీవాడికి చీటీ రాసిచ్చి, కొన్నవాటికి అంగట్లోనే టిక్కు పెట్టమనండి.