స్కాన్ బాగుంది, మరి చదివింది ఎందుకు గుర్తుండదు?

ప్రశ్న: మా అమ్మాయి సెకండ్ పీయూసీ (ఇంటర్ రెండో ఏడాది), పీసీఎంబీ (ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్, బయాలజీ). నీట్ కోచింగ్ కూడా ఉంది. రాత్రి పదకొండుకు పడుకుని నాలుగున్నరకే లేస్తుంది. అయినా ఏదీ గుర్తుండటం లేదని ఏడుస్తోంది. న్యూరాలజిస్టు స్కాన్ తీయించి ఏమీ లేదన్నారు. నీట్ మాన్పించి ఏఐ-డేటా సైన్స్‌లో వేస్తే నయమా? దానికి బట్టీ అక్కర్లేదట. మా చెల్లెలి కూతురు గుంటూరులో మాక్ టెస్టుల్లో 600 దాటుతోంది.
- ఒక తల్లి, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: డాక్టరు ఏమీ లేదన్నా మీకు నమ్మకం కుదరలేదు. అసలు భయం అదే కదమ్మా. ఏ టెస్టులో ఏ ప్రశ్న మర్చిపోయిందో పాప పూసగుచ్చినట్టు చెబుతోందా? అయితే ఊరట పడండి. మెదడు జబ్బుతో మతిమరుపు వచ్చినవాళ్లకు చాలాసార్లు ఆ సంగతే తెలియదు, పక్కవాళ్లు కనిపెడతారు.

నాలుగున్నరకు ‘లేస్తుంది’ అని రాశారు. లేపుతున్నది ఎవరు? ఆ వయసుకు ఎనిమిది గంటల నిద్రయినా ఉండాలి. పగలు చదివింది కుదురుకునేది నిద్రలోనే. పైగా టెన్షన్‌లో కళ్లు పేజీ మీద, మనసు మార్కుల మీద ఉంటాయి. అసలు తలకెక్కనిదాన్ని మర్చిపోవడం అనరు. గుంటూరు మార్కులు ఇంట్లో రోజూ వినిపిస్తుంటే ఇక ఎక్కేదేముంది? ఆ మాట ఇవాళే ఆపండి. బీ12, థైరాయిడ్, హిమోగ్లోబిన్ పరీక్షలు చేయించకపోతే చేయించండి.

చదివే తీరూ మారాలి. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికీ అనే పరిశోధకులు కాలేజీ విద్యార్థులతో ఒక ప్రయోగం చేశారు. నాలుగు విడతలూ చదువుతూ కూర్చున్నవాళ్లకు వారం తర్వాత గుర్తున్నది 40 శాతం. ఒక విడత చదివి, మిగతా మూడూ పుస్తకం చూడకుండా రాసినవాళ్లకు 61. చిత్రమేమిటంటే, ఐదు నిమిషాల తర్వాత అడిగితే మొదటివాళ్లదే పైచేయి. అందుకే మళ్లీ మళ్లీ చదివితే ‘వచ్చేసింది’ అనిపిస్తుంది, టెస్టులో మాత్రం రాదు.

ఇక ఏఐ-డేటా సైన్స్. దాని మీద నాకు అనుమానాలున్నాయి. చాలా కాలేజీల్లో అది పేరు మార్చుకున్న కంప్యూటర్ సైన్సే. కొత్త బోర్డు పెట్టినంత తేలిగ్గా కొత్త పాఠం చెప్పగల లెక్చరర్లు దొరకరు. బట్టీ లేదు, నిజమే. లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ మాత్రం వదలవు. నిద్ర లేని పిల్లకు అక్కడా బుర్ర పనిచేయదు. నీట్ భయంతో దూకడానికి అదేం మెత్తటి పరుపు కాదు.

నెల రోజులు సరిగ్గా పడుకున్నా ఏడుపు ఆగకపోతే 14416కు ఫోన్ చేయండి. అది టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ప్రభుత్వానిది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. అది పిచ్చివాళ్లకు కదా అనకండి.

రెండు కోర్సుల పోలిక అడిగారు. ఉత్తరం మొత్తంలో అమ్మాయికి ఏది ఇష్టమో ఒక్క ముక్క లేదు. తనను అడిగి రాయండి, అప్పుడు పోల్చి చూద్దాం.