అమ్మడూ, బండి షెడ్డుకి ఇచ్చేముందు ఇది చదువు

అమ్మడూ,

రాత్రి నీ వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నాను. మియాపూర్ సిగ్నల్ దగ్గర ముందున్న కారుకి నీ కారు తగిలించావు, ఎవరికీ దెబ్బల్లేవు, ఆ కారాయన 12,000 అడుగుతున్నాడు, "ఇన్సూరెన్స్ దాకా ఎందుకు మావయ్యా, ఇచ్చేసి వదిలించుకోనా" అన్నావు. ఇవ్వొచ్చు తల్లీ, కానీ అలా మాత్రం ఇవ్వకు. 27 ఏళ్లు విజయవాడ ఆటోనగర్‌లో స్పేర్ పార్ట్స్ కొట్టు గల్లాపెట్టె దగ్గర కూర్చున్నవాణ్ణి, ఇలాంటి వ్యవహారాల్లో డబ్బు ఎటునుంచి కారిపోతుందో మీ ఇంట్లో అందరికన్నా నాకే బాగా తెలుసు. మీ నాన్నని మాత్రం అడక్కు, ఆయన ఇంకా రంగు డబ్బా తెచ్చి ఇంట్లోనే పూసుకోవచ్చు అనుకునే మనిషి.

ముందు ఒకటి. మనుషులకి ఏమీ కాలేదు కాబట్టే ఈ మాటలన్నీ. ఎవరికైనా దెబ్బ తగిలితే మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ ప్రకారం వైద్యం చేయించాలి, 24 గంటల్లోపు పోలీసులకు చెప్పాలి, ఇన్సూరెన్స్ వాళ్లకూ తెలియజెయ్యాలి. రేపు ఆయన ఫోన్ చేసి మెడ పట్టేసింది, స్కానింగ్ తీయించాలి అంటే నువ్వు డబ్బు మాట ఎత్తకుండా వెంటనే నాకు చెయ్యి.

ఇప్పుడు నీ బండి సంగతి. పాలసీ కాగితం తీసి ఓన్ డ్యామేజ్ ప్రీమియం, అంటే నీ బండికి జరిగే నష్టం కోసం కట్టేది, ఎంతో చూడు. నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ వెయ్యనందుకు ఇచ్చే తగ్గింపు, దాని మీదే వస్తుంది, అవతలివాళ్ల నష్టం కోసం కట్టే థర్డ్ పార్టీ భాగం మీద కాదు. ఏడాది క్లెయిమ్ లేకపోతే 20 శాతం, తర్వాత 25, 35, 45, ఐదేళ్లకి 50. నీది ఐదో ఏడు నడుస్తోంది, ఇంతవరకూ క్లెయిమ్ వెయ్యలేదు అన్నావు, అంటే ఈసారి రెన్యూవల్‌కి 50 రావాలి. బంపర్ కోసం ఇప్పుడు క్లెయిమ్ వేస్తే అది సున్నా. అక్కడితో అయిపోతే బాగానే ఉండేది, మళ్లీ 20 నుంచి మొదలెట్టి మెట్టు మెట్టూ ఎక్కాలి కదా. బోనస్ లేకుండా నీ ఓన్ డ్యామేజ్ ప్రీమియం 10,000 అనుకో. మొదటి ఏడు 5,000 ఎక్కువ కడతావు, రెండో ఏడు 3,000, తర్వాత 2,500, 1,500, 500. మొత్తం 12,500. బండి విలువ తగ్గేకొద్దీ ప్రీమియం కూడా తగ్గుతుంది కాబట్టి అంకె కొంచెం చిన్నదవుతుంది, అయినా చిన్న క్లెయిమ్ ఎంత ఖరీదో అర్థమైంది కదా. దీనిమీద, 1500 సీసీ లోపు బండికి ప్రతి క్లెయిమ్‌లో 1,000 నువ్వే పెట్టుకోవాలి, ఆపైది అయితే 2,000. సామాను పాతదని కోత పెట్టకుండా ఉండే జీరో డెప్ తీసుకోకపోతే ప్లాస్టిక్ సామాను ఖరీదులో సగం కూడా నీదే, బంపర్ అంటే ప్లాస్టిక్కే. బోనస్ పోకుండా కాపాడే యాడాన్, అంటే పాలసీకి అదనంగా కట్టి తీసుకునేది, ఏదైనా తీసుకున్నావేమో కూడా చూడు, అది ఉంటే ఈ లెక్కంతా మారుతుంది.

నన్నడిగితే మొత్తం 15,000 లోపు అయితే జేబులోంచే. హెడ్‌లైట్ సెట్టు మార్చాలన్నా, లోపల ఏసీ కండెన్సర్, అంటే ఏసీ గ్యాస్‌ని చల్లబరిచే జాలీ, పోయినా ఇంకేం ఆలోచించకుండా క్లెయిమ్ వెయ్యి.

అదెలా తెలుస్తుంది అంటావా, బంపర్ విప్పితే తెలుస్తుంది. చాలామంది పైన గీత చూసి "ఏముంది, పెయింటే కదా" అంటారు. విప్పేముందు నాలుగు వైపులా ఫొటోలు తియ్యి, నంబర్ ప్లేట్ పడేలా. తర్వాత మెకానిక్‌ని పక్కన పెట్టుకుని చూడు: లోపలి ఇనప బీమ్ వంగిందా, బంపర్ లాక్‌లు విరిగాయా, కండెన్సర్ రెక్కలు నలిగి ఎక్కడైనా నూనె మరకలా తడిగా ఉందా. ఆ తడి ఉంటే గ్యాస్ కారుతున్నట్టే. బానెట్‌కీ, ముందు చక్రం పైనుండే ఫెండర్ రేకుకీ మధ్య సందులో వేలు పెట్టి రెండు వైపులా జరుపుకుంటూ పో, ఒకవైపు వెడల్పుగా ఒకవైపు ఇరుగ్గా ఉందంటే దెబ్బ లోపలిదాకా వెళ్లింది. నేను ఒకసారి ఇదేమీ చూడకుండా 4,000 పెట్టి బంపర్‌కి రంగేయించి మురిసిపోయాను, మే నెలలో బందరు రోడ్డు మీద ఏసీ లోంచి వేడిగాలి కొట్టింది. అప్పటికి రెండు నెలలైపోయింది, ఇంక క్లెయిమ్ ఎవరిస్తారు.

అందుకే చూడ్డం వరకే చూడు, చూసి క్లెయిమ్ వెయ్యాలా వద్దా ఆ రోజే తేల్చుకో. నష్టం లెక్కగట్టే ఇన్సూరెన్స్ సర్వేయర్ చూడకముందే పని చేయించేస్తే క్లెయిమ్ మర్చిపోవాల్సిందే, చెప్పడం ఆలస్యమైతే కొర్రీలు పెడతారు.

ఇక ఆయన 12,000. దీని దగ్గరే నాకు కోపం వస్తోంది, నీ మీద కాదులే. బెంజి సర్కిల్ దగ్గర నేనూ ఇలాగే కంగారుపడి ఒకాయనకి 3,000 చేతిలో పెట్టి వచ్చాను, కాగితం లేదు, సాక్షి లేడు. మూడో రోజు 14,000 బిల్లుతో ఇంటికొచ్చాడు, అందులో నేను ముట్టుకోని డోరు కూడా ఉంది. మీ అత్తయ్య టీ ఇచ్చి మరీ కూర్చోబెట్టింది ఆయన్ని. చివరికి 6,000 ఇచ్చాను, తప్పదుగా.

కాబట్టి ఆయనతో మర్యాదగా, "పని చేయిస్తానండీ, ఎస్టిమేట్ పంపండి" అను. ఏ షెడ్డు, ఏ ప్యానెల్, రిపేరా కొత్తదా, అన్నీ అందులో ఉండాలి. బయటి షెడ్డులో వెనక బంపర్ ఒక్కదానికి డెంటింగ్, పెయింటింగ్ కలిపి మూడు, నాలుగు వేలు అవుతుంది, కంపెనీ సర్వీస్ సెంటర్‌లో ఇంకా ఎక్కువే. ఆయన కంపెనీలోనే చేయిస్తానంటే అది ఆయన హక్కు, దానికి వాదించకు, పాత గీతలు కలపకుండా మాత్రం చూసుకో. నీ దగ్గర డబ్బు తీసుకుని మళ్లీ తన ఇన్సూరెన్స్‌లో కూడా వేసుకునేవాళ్లని చూశాను, అందుకని డబ్బు ఆయనకి కాకుండా నేరుగా షెడ్డు వాళ్లకే ఫోన్‌పే చెయ్యి, బిల్లు తీసుకో. తెల్లకాగితం మీద తేదీ, రెండు బండ్ల నంబర్లు, ఎంత ఇచ్చావు, "ఈ ప్రమాదంలో బండికి జరిగిన నష్టానికి ఇక బాకీ లేదు" అని రాయించి ఇద్దరూ సంతకాలు పెట్టండి. మొహమాటపడకు, మొహమాటానికే నాకు 6,000 అయింది.

ఇంకో సంగతి, ఇన్సూరెన్స్ కంపెనీ రాతపూర్వక అనుమతి లేకుండా అవతలివాళ్లకి డబ్బు ఇవ్వకూడదు, ఒప్పుకోకూడదు అని పాలసీ షరతుల్లోనే ఉంటుంది. అంటే ఆయనకి ఇచ్చింది ఇక నీ ఖర్చే, తర్వాత కంపెనీ వాళ్లని అడగలేవు. ముందు ఇచ్చేసి తర్వాత చూద్దాం అనేది ఇక్కడ నడవదు.

నీ బంపర్‌కి రంగు వేయించేటప్పుడు బండి మీదుండే కలర్ కోడ్ చూపించు, నీది పెర్ల్ వైట్, ఊరికే తెలుపు వేస్తే పక్క ఫెండర్‌తో తేడా కొడుతుంది. డెలివరీ సాయంత్రం ట్యూబ్‌లైట్ కింద తీసుకోకు, పొద్దున ఎండలో నిలబెట్టి చూసుకుని మిగతా డబ్బులు ఇవ్వు. పాత బంపర్ మార్చారంటే దాన్ని నీకు చూపించమను.

రేపు తొమ్మిదింటికల్లా బంపర్ విప్పించి, వీడియో కాల్ చెయ్యి. కెమెరా కండెన్సర్ దగ్గరగా పెట్టు, కదపకుండా.

మావయ్య