ఆక్సిజన్ అందని గడ్డ మీద పరిశోధన... అమ్మాయిని పంపొచ్చా?

ప్రశ్న: మాది పలాస. మా అమ్మాయి శ్రీకాకుళంలో బీఎస్సీ రెండో సంవత్సరం. బయోటెక్నాలజీ మేజర్, కెమిస్ట్రీ మైనర్. నీట్ రెండుసార్లు రాసింది, సీటు రాలేదు. మా అత్తగారు అడ్డపొగ (చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని) తాగేవారు. అంగిట్లో క్యాన్సర్ వచ్చింది. రేడియేషన్ పెట్టించాం. ఏడాది తిరక్కుండానే మళ్లీ వచ్చి, ఆవిడ పోయారు. ‘గడ్డ లోపలికి ఆక్సిజన్ అందకపోతే రేడియేషన్ సరిగా పనిచేయదు’ అని అప్పుడు డాక్టరు గారు అన్న మాట మా అమ్మాయి పట్టుకుంది. దాని మీదే పరిశోధన చేస్తానంటోంది. చుట్టాలంతా బీఈడీ చేయించమంటున్నారు. ఈ చదువు ఎన్నేళ్లు? తర్వాత తిండి పెడుతుందా?

జవాబు: అమ్మా, మీ అమ్మాయి పట్టుకున్న మాట నిజం. ఆ సంగతి బయటపడి డెబ్బై ఏళ్లు దాటింది. 1955లో ఇంగ్లండులో థామ్లిన్‌సన్ అనే డాక్టరు, గ్రే అనే భౌతిక శాస్త్రవేత్త కలిసి ఊపిరితిత్తుల క్యాన్సర్ ముక్కల్ని మైక్రోస్కోపు కింద పెట్టి కొలిచారు. రక్తనాళాల దగ్గరున్న కణాలు ఆరోగ్యంగా ఉన్నాయి. 150 నుంచి 180 మైక్రాన్ల దూరం, అంటే రెండు మూడు తలవెంట్రుకల మందం దాటేసరికి చచ్చిన కణాల ముద్ద తప్ప ఏమీ లేదు. రక్తం నుంచి వచ్చే ఆక్సిజన్ ఆపాటికే అయిపోతోంది. బతికున్న వాటికీ చచ్చిన వాటికీ మధ్య ఒక సన్నటి పట్టీ ఉంటుంది. అక్కడి కణాలు అరకొర ఆక్సిజన్‌తో నెట్టుకొస్తుంటాయి. చిక్కంతా వాటితోనే. రేడియేషన్ కణంలోని డీఎన్ఏని తెంపుతుంది. ఆ దెబ్బ మళ్లీ మానకుండా చేసేది ఆక్సిజన్. అది లేనిచోట అంతే నష్టం చేయాలంటే దాదాపు మూడింతల డోసు కావాలి. మీ అత్తగారి గడ్డ తిరిగి రావడానికి ఇదే కారణమని ఇక్కడ కూర్చుని నేను చెప్పకూడదు, చెప్పను. కానీ మీ అమ్మాయి అడుగుతున్నది సరైన ప్రశ్న.

ఆక్సిజన్ తగ్గిన సంగతి కణానికి ఎలా తెలుస్తుంది? దీన్ని విప్పినందుకే సెమెంజా, కేలిన్, రాట్‌క్లిఫ్ ముగ్గురికీ 2019లో వైద్య నోబెల్ వచ్చింది. హిఫ్ అనే ప్రొటీన్ ఉంది. ఆక్సిజన్ బాగా ఉన్నంతసేపూ కణం దాన్ని తయారుచేస్తూనే ధ్వంసం చేస్తుంటుంది. ఆక్సిజన్ తగ్గగానే ఆ ధ్వంసం ఆగిపోతుంది, హిఫ్ పోగుపడుతుంది. కొత్త రక్తనాళాలు పుట్టించే జన్యువుల్ని, ఆక్సిజన్ లేకుండా చక్కెర వాడుకునే జన్యువుల్ని అది మేల్కొలుపుతుంది.

ల్యాబులో ఈ పని ఎలా ఉంటుందో మీరిద్దరూ తెలుసుకోవాలి. చేతి తొడుగులు బిగించిన మూసిన పెట్టె ఉంటుంది. మనం పీల్చే గాలిలో ఆక్సిజన్ 21 శాతం, ఆ పెట్టెలో ఒక శాతం. అందులో క్యాన్సర్ కణాల డిష్ పెట్టి గంటల తరబడి ఆగుతారు. హిఫ్ పోగవుతుంది. డిష్ బయటికి తీశామా, అయిదు నిమిషాల్లో సగం మాయం. అందుకని పెట్టె లోపలే, తొడుగుల్లోంచే చేతులు ఆడిస్తూ కణాల్ని పగలగొట్టాలి, లేదా ఐసు మీద పెట్టి పరుగెత్తాలి. కాస్త ఆలస్యమైతే ఆ రోజు పనంతా వృథా. మర్నాడు మళ్లీ మొదటి నుంచి. ఇలా నెలల తరబడి చేయగలనా అని మీ అమ్మాయి తనను తాను ప్రశ్నించుకోవాలి. నా దృష్టిలో ఇది నీట్ ర్యాంకు కంటే పెద్ద పరీక్ష.

ఇంకో మాట దాచకుండా చెప్పాలి. ఈ రంగంలో గెలిచినవాటి కంటే ఓడిన మందులే ఎక్కువ. ఆక్సిజన్ లేనిచోటే విషంగా మారే మందు టిరపజమైన్. దాని మీద ఎన్నో ఆశలు పెట్టుకున్నారు, పెద్ద ట్రయల్స్‌లో నిలవలేదు. అలాంటిదే ఎవోఫోస్ఫమైడ్, అదీ 2015లో పడిపోయింది. చేర్చుకున్న రోగుల్లో ఎవరి గడ్డకు నిజంగా ఆక్సిజన్ అందడం లేదో ముందుగా కొలవకుండా అందరికీ ఇచ్చారన్నది చాలామంది చెప్పే కారణం. డెన్మార్క్‌లో నోరు, గొంతు క్యాన్సర్లకు రేడియేషన్‌తో పాటు నిమొరజోల్ అనే మాత్ర ఇస్తారు. మనకు తెలిసిన మెట్రోనిడజోల్ కుటుంబంలోదే. 1998లో వచ్చిన వాళ్ల ఫలితాల్లో గడ్డ అదుపులో ఉన్నవారు 33 శాతం నుంచి 49 శాతానికి పెరిగారు. తర్వాత బ్రిటన్‌లో జరిగిన ట్రయల్‌లో, ఆక్సిజన్ అందని గడ్డలున్న రోగుల్ని జన్యు పరీక్షతో విడదీసి చూసినా ఆ లాభం కనబడలేదు. అంటే ప్రశ్న ఇంకా తేలలేదు. నోటి క్యాన్సర్ ఇంతగా ఉన్న మన దేశానికి ఇది పరాయి ప్రశ్న కాదు.

గెలిచిందీ ఒకటి చెబుతాను. హిఫ్ కుటుంబంలోదే అయిన హిఫ్-2 అనే ప్రొటీన్‌ను 1997లో అమెరికాలో డల్లాస్ శాస్త్రవేత్తలు గుర్తించారు. దాన్ని అడ్డుకునే బెల్జుటిఫాన్ మాత్రకు అక్కడ అనుమతి వచ్చింది 2021లో, మొదట ఒక అరుదైన వంశపారంపర్య జబ్బులో వచ్చే గడ్డలకు. ముదిరిన కిడ్నీ క్యాన్సర్‌కు 2023లో. ప్రొటీన్‌ను గుర్తించడానికీ మొదటి అనుమతికీ మధ్య ఇరవై నాలుగేళ్లు. నాయనమ్మ మీద ప్రేమతో ఈ దారి పట్టే పిల్లకు ఈ లెక్క ముందే తెలియాలి.

ఇక మీ లెక్కలు. డిగ్రీ అయ్యాక ఎమ్మెస్సీ రెండేళ్లు. జామ్, గ్యాట్-బి, సీయూఈటీ-పీజీ ప్రవేశ పరీక్షలు మూడూ రాయించండి. గ్యాట్-బి ద్వారా చేరే బయోటెక్నాలజీ కోర్సుల్లో స్టైపెండ్ కూడా ఉంటుంది. మీ ఖర్చు భారం ఎమ్మెస్సీతో ఆగిపోవాలి. ఆ తర్వాత సీఎస్ఐఆర్ నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకు నెలనెలా ఇచ్చే ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000 రూపాయలు, ఇంటి అద్దె భత్యం అదనం. పీహెచ్‌డీకి అయిదారేళ్లు పడుతుంది. అంటే పూర్తయ్యేసరికి అమ్మాయికి ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిది. పెళ్లి మాట మీరు ఉత్తరంలో రాయలేదు కానీ మనసులో ఉంటుంది. ఆ సంభాషణ ఇప్పుడే జరగడం మేలు, మూడో ఏట ప్రయోగాలు మధ్యలో ఉన్నప్పుడు కాదు.

పీహెచ్‌డీకి హైదరాబాద్‌లో సీసీఎంబీ, సెంట్రల్ యూనివర్సిటీ ఉన్నాయి. క్యాన్సరే కావాలంటే నవీ ముంబయి ఖార్‌ఘర్‌లో టాటా మెమోరియల్ వాళ్ల పరిశోధన కేంద్రం యాక్ట్రెక్. పేరున్న సంస్థ కంటే గైడును చూసి ఎంచుకోమనండి. ఆయన లేదా ఆవిడ దగ్గర చదివిన పిల్లలు ఇప్పుడెక్కడున్నారో ఫోన్ చేసి కనుక్కోవాలి. ఇది నేను ఎవరికైనా మొట్టమొదట చెప్పే మాట.

తిండి పెడుతుందా అన్నారు. ప్రభుత్వ సంస్థల్లో సైంటిస్టు పోస్టులు తక్కువ, పోటీ విపరీతం. వాటినే నమ్ముకుని పంపొద్దు. హిఫ్ మీద చేసిన థీసిస్ రేపు ఎవరికీ అక్కర్లేకపోవచ్చు. కణాల్ని పెంచడం, ప్రొటీన్లు కొలవడం, మైక్రోస్కోపు చిత్రాల్ని కంప్యూటర్‌తో లెక్కకట్టడం వచ్చిన మనిషి మాత్రం అందరికీ కావాలి. హైదరాబాద్‌లో అరాజెన్, సాయి లైఫ్ సైన్సెస్, బెంగళూరులో సింజీన్, ఆరిజీన్ లాంటి మందుల పరిశోధన కంపెనీల్లో పని ఇదే. ఎమ్మెస్సీతో ఆగినా అక్కడ ఉద్యోగాలున్నాయి. అందుకే కెమిస్ట్రీ మైనర్‌ను నిర్లక్ష్యం చేయొద్దనండి. కాస్త పైథాన్ ప్రోగ్రామింగ్ కూడా ఇప్పుడే మొదలుపెట్టాలి. బీఈడీ ఎక్కడికీ పోదు, ఎమ్మెస్సీ తర్వాతైనా చేయొచ్చు.

ఎంపీసీ పిల్లలు ఇది చదువుతుంటే వాళ్లకో మాట: గ్రే భౌతిక శాస్త్రవేత్తే. రేడియేషన్ డోసును ఆయన పేరుతోనే కొలుస్తారు. ఎమ్మెస్సీ ఫిజిక్స్ తర్వాత బార్క్ వాళ్ల రేడియలాజికల్ ఫిజిక్స్ డిప్లొమా చేస్తే క్యాన్సర్ ఆసుపత్రిలో మెడికల్ ఫిజిసిస్టు కావచ్చు.

ఒక జాగ్రత్త. పదిహేను రోజుల ‘క్యాన్సర్ రీసెర్చ్ ఇంటర్న్‌షిప్’ అంటూ వేలకు వేలు గుంజేవాళ్లున్నారు. నా దగ్గరికొచ్చిన ఒక కుర్రాడు అప్పు చేసి చేరితే, చేతికి పిపెట్ కూడా ఇవ్వకుండా సర్టిఫికెట్ చేతిలో పెట్టి పంపారు. మన దేశంలోని సైన్స్ అకాడమీలు మూడూ కలిసి ఇచ్చే సమ్మర్ ఫెలోషిప్‌లో ఎదురు డబ్బిచ్చి రెండు నెలలు ల్యాబులో పనిచేయిస్తారు. ఈసారి దరఖాస్తులు పిలవగానే పెట్టించండి.

అంతకంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది. కాలేజీ హెచ్‌ఓడీ చేత ఉత్తరం రాయించుకుని శ్రీకాకుళం మెడికల్ కాలేజీ పాథాలజీ విభాగానికి వెళ్లమనండి. నోటి క్యాన్సర్ స్లైడు ఒక్కటి చూపించమని అడగాలి. అంచుల్లో ఊదారంగు కణాలు కిక్కిరిసి కనబడతాయి, కొన్ని కణాల గుంపుల నడుమ గులాబీరంగు ముద్ద. ఊదా ఎక్కడ ఆగి గులాబీ ఎక్కడ మొదలవుతుందో అక్కడ మైక్రోస్కోపు స్కేలుతో కొలవమనండి. ఎన్ని మైక్రాన్లు వచ్చిందో నాకు రాయమనండి.