అవ్వకు ఆ మాట ఎవరు నేర్పారు?

అమ్మాయీ,

నీ కథ అందింది. అవ్వ చెలమ పక్కన గొంతుక్కూర్చుని, బురదనీళ్ళు చిప్పతో తోడి పారబోసి, మళ్ళీ ఊరేదాకా కదలకుండా ఉండటం బాగుంది. వెంటనే "ఆమె ముఖంలో థోల్‌మోడ్‌నెస్" అన్నావు. కాగితాలు పక్కన పడేసి కాఫీకి లేచాను.

ఓర్పూ అణకువా కలిసిన ఆ మాటని ఇంగ్లిష్‌వాళ్ళే ఎప్పుడో వదిలేశారు. చర్చి గోడకి ఆనించి కట్టిన గదిలో జన్మంతా గడిపే సన్యాసినుల కోసం 13వ శతాబ్దంలో రాసిన ఉపదేశాల్లో ఉంది. 1066లో నార్మన్లు వచ్చారు, వాళ్ళతో ఫ్రెంచి వచ్చింది, మెల్లగా 'పేషెన్స్' ఆ చోట్లో కూర్చుంది. 'థోల్' అనే క్రియ మాత్రం చావలేదు. స్కాట్లండ్‌లో, ఉత్తర ఐర్లండ్‌లో 'భరించు' అనడానికి ఇంకా వాడతారు. కవి షేమస్ హీనీ పాత ఇంగ్లిష్‌లో దాన్ని చూసి, ఇది మా ఇంట్లో పెద్దవాళ్ళ మాటే కదా అని గుర్తుపట్టాడు. ఆయనకి అది ఇంటి మాట. నీ అవ్వకి?

పైగా కింద నోట్ ఒకటి, మన 'తాళు' నుంచే 'థోల్' వచ్చిందని! రాలేదు. తాళు ద్రావిడ మాట. 'థోల్'కి చుట్టాలు వేరే ఉన్నారు: 'టాలరేట్' పుట్టిన లాటిన్ మాట, సంస్కృతంలో 'తుల'. ఎత్తడం, మోయడం అక్కడి మూలార్థం. తులం బంగారం అంటామే, ఆ తుల. చెవికి ఒకేలా వినిపించాయని వియ్యం కలిపేస్తావా?

మా అమ్మ బోరింగు దగ్గర బిందెల వరసలో నిలబడి "ఓర్చినమ్మకు తేటనీరు" అనేది. నీ అవ్వ చేస్తున్నది అక్షరాలా అదే. మాట చెలమలోనే ఉంటే నువ్వు డిక్షనరీలో తవ్వావు.

పుస్తకం ఎవరు వేస్తారని అడిగావు. అది తర్వాత.

నా రెండో కథ ఒక పత్రికలో పదకొండు నెలలు పడి ఉంది. చివరికి వేశారు, 'తాలిమి' తీసేసి 'సహనం' పెట్టి. పాఠకులకి అర్థం కాదట! తాలిమి అర్థం కాని పాఠకుడు ఏ ఊళ్ళో ఉన్నాడో ఆ ఎడిటర్‌గారికే తెలియాలి. ఇప్పుడు వాళ్ళ వారసులు కథకో వింత ఇంగ్లిష్ మాట ఉంటే ముచ్చటపడుతున్నారు.

ఆ సంచిక నా దగ్గర ఒక్కటే మిగిలింది. 'సహనం' కొట్టేసి, పక్కన పెన్నుతో 'తాలిమి' అని రాసుకున్నాను. ఈసారి వచ్చినప్పుడు చూపిస్తాను.